రెండు వెంట్రుకల సందు

మొన్న మంగళవారం ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మా షేర్ ఆటో ఆగిపోయింది. ముందు ఒక లారీ వెనక చక్రాలు ఊడదీసుకుని చెక్కమొద్దుల మీద నిలబడి ఉంది. దాని కింద గోనెసంచి పరుచుకుని ఎవరో పడుకుని పని చేస్తున్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. తారురోడ్డు మీద చిక్కటి నూనె మెల్లగా పాకుతోంది. కాలిన వెల్లుల్లిలో గంధకం కలిపినట్టుండే వాసన ఆటోలోకి వచ్చింది. నా పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "పాపకు పడదమ్మా, ముఖం కప్పు" అంది. పాప ముఖం కప్పాను. నేను మాత్రం ఆ గాలిని గుండెల నిండా పీల్చుకున్నాను. ఆరేళ్ల కిందట నా చేతులూ, చున్నీ, టిఫిన్ డబ్బా మూతా, చివరికి నా తలదిండూ ఆ వాసనే వేసేవి. దాన్ని తొంభై నంబరు ఆయిల్ అంటారు. బండి వెనక ఇరుసులో పోసే నూనె.

మేం పిల్లల డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. పాపకు నాలుగో నెల. పుట్టిన మూడో వారం నుంచి దాని ఊపిరిలో ఒక చప్పుడుంది. సన్నగా, ఎవరో దూరంగా తలుపు లాగుతున్నట్టు ఉంటుంది. మా అమ్మ జలుబంది, మా ఆయన అలవాటైపోతుందిలే అన్నాడు. నాకు మాత్రం ఆ చప్పుడు వినపడితే భయం, వినపడకపోతే ఇంకా భయం. ఆ భయాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని, ఆ నూనె వాసనకు ఒక్కసారిగా నాచారంలోని ఒక రేకుల షెడ్డు ముందుకు వెళ్లి నిలబడ్డాను. ఇప్పుడు పాప పడుకుంది. మళ్లీ లేచేలోపు ఎల్లయ్య మామ గురించి నాలుగు మాటలు రాసుకోవాలని కూర్చున్నాను.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీకీ, అట్టపెట్టెల గోదాముకూ మధ్య ఆయన షెడ్డు ఉండేది. బోర్డు లేదు. గోడకు ఒక పాత చక్రం రిమ్ము వేలాడుతుండేది, అదే గుర్తు. నేను అప్పుడు మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఆరు వారాలు ఎక్కడైనా పని నేర్చుకుని సర్టిఫికెట్ తేవాలి. మా క్లాసులో అబ్బాయిలందరికీ ఫ్యాక్టరీలు దొరికాయి. నేను కాలేజీ ఇచ్చిన లెటరు పట్టుకుని ఏ గేటు దగ్గరికి వెళ్లినా, "ఆడపిల్లలకు ఇక్కడ వసతి లేదమ్మా" అన్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం, ఇక ఇంటికి పోదామని నడుస్తూ ఆ రిమ్ము దగ్గర నీడకోసం ఆగాను. లోపలి నుంచి తెల్ల బనియను, నల్లటి లుంగీ, నుదుటి మీదికి తోసుకున్న కళ్లద్దాలతో ఒకాయన వచ్చాడు.

"ఏం గావాలె బిడ్డా? స్కూటీ ఖరాబైందా?"

"కాదండీ. ట్రైనింగ్ కోసం తిరుగుతున్నాను. మెకానికల్ చదువుతున్నా."

లెటరు తీసుకుని తలకిందులుగా పట్టుకున్నాడు. కాసేపు చూసి, "ఇండ్ల ఏం రాసిన్రు?" అన్నాడు.

"నాకు పని నేర్పమని, అంకుల్."

"అంకుల్ గింకుల్ ఇక్కడ నడువది. మామ అను. నేర్పుడంటే నాకు రాదు బిడ్డా. నేను జేస్తుంట, నువ్వు సూడు. సూసి సూసి యాష్టకొస్తే నువ్వే చెయ్యి పెడ్తవు." వెనక్కి తిరిగి వెళుతూ, "నీళ్లు ఆ బిందెల ఉన్నయ్. మీ అత్తమ్మ ఇల్లు వెనకనే. వసతి గిసతి అంత ఆడనే" అన్నాడు. నాలుగు రోజులుగా నేను విన్న మాటకు జవాబు ఆయన అడగకుండానే ఇచ్చేశాడు.

మామది భువనగిరి వైపు పల్లె. చిన్నప్పుడే వచ్చి పళ్లచక్రాలు కోసే ఫ్యాక్టరీలో చేరి, అది మూతపడ్డాక ఈ షెడ్డు పెట్టుకున్నాడట. కొత్త బండ్లు ఆయన దగ్గరికి వచ్చేవి కావు. ఎవరూ ముట్టుకోని ముసలి బండ్లు వచ్చేవి. వచ్చిన ప్రతివాడూ ఒకటే మాట చెప్పేవాడు, చప్పుడు బాగా వస్తోందని. మామ విసుక్కునేవాడు. "ఎంత వస్తదో నాకొద్దు. ఎప్పుడొస్తదో జెప్పు. కాలు తొక్కితే వస్తదా, తీస్తే వస్తదా? మలుపు కాడనా, సీదా పోయేటప్పుడా?" చాలామందికి తెలిసేది కాదు. భయపడటంలో మునిగిపోయి వినడం మరిచిపోయేవాళ్లు. అప్పుడు మామ పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, దాని కొన ఇనుము మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కుకుని కళ్లు మూసుకునేవాడు. మొదటిసారి నా చేతికిచ్చినప్పుడు నాకు హోరు తప్ప ఏమీ వినపడలేదు. రెండో వారానికి ఆ హోరులో ఏది బేరింగో, ఏది గొలుసో విడివిడిగా తెలియసాగింది.

నాకు అప్పుడూ భయాలెక్కువే. బిగించిన నట్టును మళ్లీ బిగించేదాన్ని. ఇంటికి బయల్దేరాక వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చి ఒకసారి చూసి వెళ్లేదాన్ని. మామ నాకు 'ఫికర్ బేగం' అని పేరు పెట్టాడు. ఒకరోజు ఒకే నట్టు దగ్గరికి మూడోసారి వెళుతుంటే పానా లాక్కుని, "ఫికర్ జెయ్యద్దని నేను జెప్ప. జెయ్యి. గని ఒక్క నట్టుకు ఒక్కసారే జెయ్యి. ఎక్కువ జేస్తే మర తెగుతది" అన్నాడు.

నాలుగో వారంలో రామంతాపూర్ నుంచి మాస్టారి కారు వచ్చింది. మాస్టారంటే సత్యనారాయణగారు, హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మా వీధికి రెండు వీధులవతలే ఉంటారు. గుండ్రటి ముక్కు, లేత ఆకుపచ్చ రంగు ఉన్న ఆ కారు ఆయన తండ్రి కొన్నది. తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. తండ్రి పోయాక మాస్టారు దాన్ని ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్నారు, మామ ముప్ఫై ఏళ్లుగా బాగు చేస్తున్నాడు. ఆ రోజు మాస్టారి వెంట కాప్రాలో ఉండే కొడుకు రవి కూడా వచ్చాడు. కారు దిగీ దిగకముందే మాట మొదలుపెట్టాడు.

"మామా, ఇదే ఆఖరు. వెనకకెల్లి ఈ ఏడుపు వింటుంటే రోడ్డు మీద జనం తిరిగి చూస్తున్నరు. నాన్నకు డెబ్బై మూడు. ఏ ఘట్‌కేసర్ కాడనో ఆగిపోతే ఎవరు పోవాలె? ఆదివారం అమ్మానాన్నల్ని తీస్కొని గుట్టకు దర్శనానికి పోయొస్తం. ఆగకుండ పోయొస్తే ఉంచుకోమను. దారిల ఆగిందా, సోమవారం తుక్కుకే."

మామ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కారు పైకప్పు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూస్తున్నట్టు. "నేను ఒప్పుకున్నాను ఎల్లయ్యా" అన్నారు.

అది సోమవారం. మామ కారు వెనక సీటు పీకేసి నన్ను నేల రేకు మీద చెవి ఆనించి పడుకోమన్నాడు. మల్లాపూర్ దాకా పోయి వచ్చాం. ఆ రేకు వేడికి చెంప కమిలిపోయింది. షెడ్డుకు రాగానే, "ఎప్పుడొస్తది?" అని అడిగాడు. "కాలు తీసినప్పుడు మామా. తొక్కినప్పుడు లేదు" అన్నాను. ఆయన తన కోసం తెప్పించుకున్న చాయ్ గ్లాసు నా చేతికిచ్చాడు.

మరునాడు ఇరుసు విప్పాం. తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇంజను నుంచి వచ్చే తిరుగుడు బండి కింద పొడుగాటి రాడ్డు ద్వారా వెనక్కి వస్తుంది. అక్కడ ఇరుసు నడుమ ఉబ్బెత్తు డొల్లలో చిన్న పళ్లచక్రం, దానికి అడ్డంగా పళ్లెమంత పెద్ద పళ్లచక్రం ఉంటాయి. చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. ఆ రెండింటి పళ్లూ ఒకదానిలో ఒకటి ఎంత లోతుకు దిగాలో అంతే దిగాలి. ఆ లోతును నిలబెట్టేవి షిమ్ములు, అంటే బేరింగుల వెనక పెట్టే కాగితమంత పలుచని ఇనుప రింగులు. డెబ్బై ఏళ్ల కిందట ఆ కారును బిగించినవాడు ఎడమవైపు కొన్ని, కుడివైపు కొన్ని, పినియన్ వెనక కొన్ని చూసి చూసి పెట్టి ఉంటాడు. బేరింగులు అరిగిపోయాయి, అవి బజార్లో దొరుకుతాయి. పళ్లచక్రాలు బాగానే ఉన్నాయి. అవి గనక పాడైతే ఈ భూమ్మీద వేరే జత లేదన్నాడు మామ.

విప్పిన ప్రతి ముక్కనూ మామ నేల మీద పరిచిన పాత దినపత్రిక మీద పెట్టాడు. విప్పిన వరసలోనే, ఎడమవి ఎడమవైపు, కుడివి కుడివైపు. నూనె ఇంకి పత్రిక నల్లబడింది. రింగులన్నీ మడ్డితో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఆయన దాని చుట్టూ ముగ్గు చుట్టూ నడిచినట్టు నడిచేవాడు. ఏమీ రాసుకోలేదు. రాయడం ఆయనకు రాదు. ఆ కాగితమే ఆయన రాత.

బుధవారం పొద్దున బేరింగుల కోసం రాణిగంజ్ వెళుతూ, "నేనొచ్చేదాక షెడ్డు సూసుకో" అన్నాడు. చూసుకుంటూ కూర్చుంటే ఆ నల్లటి పత్రిక నా కళ్లకు గలీజుగా కనిపించింది. ఇంత విలువైన సామాను ఇలా నేల మీదా అనుకున్నాను. రింగులన్నీ కిరోసిన్లో కడిగాను. పాత బనియను గుడ్డతో తళతళలాడేలా తుడిచాను. కాలేజీలో నేర్పినట్టు మైక్రోమీటరుతో ఒక్కొక్కటీ కొలిచి, మందాన్ని బట్టి వరసగా ఒక బిస్కెట్ల డబ్బాలో అమర్చాను. కాగితం ముక్కల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో కొలతలు రాసి అంటించాను. పత్రికను ఉండ చుట్టి బయట చెత్తలో పడేశాను. మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోయింది. మామ వచ్చి ఏమంటాడో అని గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను. మెచ్చుకుంటాడని.

ఆయన వచ్చి నేల వైపు చూశాడు. సంచి కింద పెట్టలేదు.

"కాయితమేది బిడ్డా?"

"పారేశాను మామా, అంతా నూనె పట్టేసింది. చూడండి, అన్నీ ఇందులో..."

డబ్బా మూత తీసి, ఒక రింగును వేలికి తగిలించుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. "మస్తు సాఫ్ జేసినవ్" అన్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. చాలా మామూలు గొంతుతో, "ఎడమదేది, కుడిదేది?" అని అడిగాడు.

నాకు అప్పుడు తెలిసింది. డెబ్బై ఏళ్లుగా చెదరని లెక్కను నేను ఒక్క పూటలో శుభ్రంగా తుడిచేశాను. చదువు రానివాడైతే ఆ పని చేసి ఉండడు. ఆ మడ్డిని అలాగే వదిలేసేవాడు.

ఆ సాయంత్రమే మాస్టారూ రవీ పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చారు. డొల్ల ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. మాస్టారు బల్ల మీద ఉన్న క్రౌన్‌నీ, పక్కనున్న బిస్కెట్ల డబ్బానీ చూశారు. "రేపటికి అవుతుందన్నావు కదా ఎల్లయ్యా" అన్నారు.

"గడబిడ అయింది సార్. రింగులు కలిసిపోయినయ్. నా చెయ్యే తప్పింది. శనివారం దాక టైమియ్యాలె."

రవి నవ్వాడు. "చూసినవా నాన్నా? చూపు ఆనది, చెయ్యి వణుకుతది, ఇంక మామకే ఇయ్యాలె అంటవు. మీ ఇద్దరిని గూడ ఆ బండ్లనే పెట్టి పంపాలె."

మామ నవ్వుతూ, "పంపు కొడుకా. గని నడుపుడెవలు?" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. చేతిలో తడి గుడ్డ ఉంది. నాలుగడుగులు ముందుకు వేసి, చేసింది నేనండీ అంటే సరిపోయేది. మాస్టారు పిల్లల్ని కొట్టే రకం కూడా కాదు. నేను మాత్రం వాళ్లు వెళ్లిపోయేదాకా అదే గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న పానాను తుడుస్తూ నిలబడ్డాను.

ఆటో చప్పుడు దూరమయ్యాక నాకు ఏడుపొచ్చింది. మామ చూసి, "ఏడుస్తవా? ఏడువు, గని తర్వాత. ఇప్పుడు పోయి సింధూరం పట్టుకరాపో. పావుకిలో" అన్నాడు.

పూజసామాన్ల కొట్టతను పొట్లం కడుతూ, "ఏ హనుమంతుని గుడికమ్మా?" అని అడిగాడు. "గుడికి కాదండీ, కారు ఇరుసుకు" అన్నాను. అతను పొట్లం ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు ఆగాడు.

సింధూరాన్ని నూనెలో చందనంలా కలిపి క్రౌన్ పళ్లకు పలుచగా పూయాలి. పినియన్‌తో కలిపి తిప్పితే, పన్ను మీద ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ రంగు చెరిగి మచ్చ పడుతుంది. మచ్చ అంచుకు పడితే తప్పు, మొదట్లో పడితే తప్పు. "బొట్టు నడుమ రావాలె" అనేవాడు మామ. రాకపోతే అంతా మళ్లీ విప్పి, బేరింగు పీకి, ఒక రింగు మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ పూసి తిప్పాలి. గురు, శుక్రవారాలు పదకొండుసార్లు విప్పి పదకొండుసార్లు బిగించాం. మొదటి మూడుసార్లు మామ చేశాడు. నాలుగోసారి పానా నాకిచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఒక్క మాటతో కూడా దెప్పలేదు. అన్నం వేళకు మాత్రం రెండుసార్లు కుంకుడు నురగతో చేతులు కడిగించి, గోళ్లు చూపించమనేవాడు. "సింధూరం కడుపులకు పోవద్దు బిడ్డా." అందులో సీసం ఉంటుందని నాకు పుస్తకాల్లో తెలుసు. ఆయనకు ఎలా తెలుసో అడగలేదు.

పదకొండోసారి రంగు పూసిన ఆరు పళ్ల మీదా బొట్టు నడుమకు వచ్చింది. ఇక మిగిలింది సందు. ఎంత బాగా కలిసిన పళ్లయినా వాటి మధ్య పిసరంత ఖాళీ ఉండాలి. మామ క్రౌన్‌ను వేలికొసలతో అటూ ఇటూ కదిపి చూసి, "నీ జడ కాడికెల్లి రెండు వెంట్రుకలు తియ్యి" అన్నాడు. తీసిచ్చాను. పక్కపక్కన పెట్టి నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంచి నొక్కమన్నాడు. "గంత. ఒక్కటి సరిపోదు, మూడు ఎక్కువ." తర్వాత డయల్ గేజి పెట్టి చూశాను. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.

శనివారం మధ్యాహ్నం కారును రోడ్డు మీదికి తీశాం. ఆ పాత ఏడుపు పోయింది. హబ్సిగూడ వైపు రోడ్డు కాస్త ఖాళీ దొరికి వేగం డెబ్బై దాటగానే మాత్రం వెనక నుంచి సన్నగా ఒక కూనిరాగం మొదలైంది. రేపు రవి వింటాడు. ఒక్క పలుచని రింగు మార్చి క్రౌన్‌ను ఇంకొంచెం లోపలికి జరిపితే ఆ చప్పుడు కూడా ఆగిపోతుందేమో, మార్చేద్దాం మామా అన్నాను. సాయంత్రంలోగా నేనే చేస్తానన్నాను.

"ఆగుతది" అన్నాడు మామ. "రేపటికి ఆగుతది. సందు తీసేస్తే కారు ఊపిరాడకుంట నడుస్తది. వేడెక్కుతది, పండ్లు ఉబ్బుతయ్, రెండు నెలలకు కాలిపోతయ్. గట్లయితే దొంగ మేస్త్రీల లెక్క నూనెల రంపపు పొట్టు పోసి పంపుదమా? ఇంక చప్పుడే ఉండది."

"మరి రవిగారు చప్పుడు విని తుక్కుకు ఇచ్చేస్తే?"

"ఇస్తే ఇయ్యనియ్యి. తుక్కుకు పోయినా మంచి బండిగ పోవాలె." బండిని షెడ్డు వైపు తిప్పుతూ, "డెబ్బై ఏండ్ల బండి బిడ్డా. గా మాత్రం చప్పుడుండాలె. గది రోగం గాదు" అన్నాడు.

ఆదివారం నేను సెలవు రోజైనా షెడ్డుకు వెళ్లాను. మామ వాళ్ల వెంట గుట్టకు వెళ్లలేదు. పొద్దుటి నుంచి ఒకే బోల్టుకు నూనె రాస్తూ కూర్చున్నాడు. ఫోను స్టూలు మీద పెట్టి రెండుసార్లు చార్జింగు చూశాడు. "ఫికరా మామా?" అని అడిగితే, "ఒక్కసారే జేస్తున్న, పొద్దటికెల్లి" అన్నాడు. సాయంత్రం అయిదు దాటాక ఆకుపచ్చ కారు సందు మొదట్లో తిరిగింది. మాస్టారు ముందు సీట్లో ఎడమవైపు కూర్చుని ఉన్నారు. వెనక మాస్టారి భార్య, ఒళ్లో ప్రసాదం సంచి. స్టీరింగు దగ్గర రవి ఉన్నాడు.

"బీబీనగర్ కాడ జర నడుపుత అని తీస్కున్న మామా" అన్నాడు దిగుతూ, ఎటో చూస్తూ. "డెబ్బై దాటితే ఏదో పాడుతుంది."

"పాడనియ్యి. నువ్వు డెబ్బై దాటకు."

ఆ కారు తుక్కుకు పోలేదు. నా ఆరు వారాలూ అయిపోయాయి. కాలేజీ ఫారం మామ ముందు పెట్టి ఏం రాయమంటారు అంటే, "ఒక్క తప్పు జేసిందని రాయి. ఒక్కటే అని గూడ రాయి" అని, కింద సంతకం చోట అడ్డంగా ఒక గీత గీశాడు. ఆ రోజైనా చెప్పాల్సింది, మాస్టారి ముందు నేను మాట్లాడకపోవడం తప్పని. ఆయన నా తప్పును తన మీద వేసుకున్నందుకు నేను రాత్రుళ్లు సరిగా నిద్రపోలేదని. పక్కన అత్తమ్మ ఉంది, వీధిలో ఎవరో హారన్ కొడుతున్నారు. ఇంకోసారి చెబుదామనుకున్నాను.

తర్వాత ఉప్పల్‌లోనే ఒక ఆఫీసులో కంప్యూటరు మీద విడిభాగాలు గీసే ఉద్యోగం వచ్చింది. మొదట వారం వారం వెళ్లేదాన్ని, తర్వాత నెలకోసారి, పెళ్లయ్యాక పండక్కి. ఆదివారాలు మామే ఫోను చేసేవాడు. "ఫికర్ బేగం, ఎప్పుడొస్తవు?" వచ్చేవారం మామా అనేదాన్ని. ఎన్ని వచ్చేవారాలు చెప్పానో. నాచారం మా ఇంటికి అరగంట దూరం కూడా లేదు.

నాకు ఏడో నెల నడుస్తుండగా ఒక పొద్దున నాచారం నుంచి అత్తమ్మ ఫోను చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా. రాత్రి నిద్రలనే." చెప్పులేసుకుంటుంటే మా అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "కడుపుతో ఉన్నావు. చావింటికి వెళ్లకూడదు. ఆయన ఉన్నా ఇదే చెప్పేవాడు" అంది. నేను చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మను. అయినా ఆ పూట కడుపు మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఏదైనా అయితే అనే మాట ముందు నా చదువు నిలబడలేదు. మళ్లీ ఒకసారి నోరు మూసుకుని నిలబడ్డట్టయింది. కాన్పయ్యాక అటువైపు వెళితే మందుల ఫ్యాక్టరీకీ గోదాముకూ మధ్య కొత్త గోడ ఉంది. అత్తమ్మ ఊరికి వెళ్లిపోయిందట. రిమ్ము వేలాడదీసిన మేకు కూడా లేదు.

ఇదంతా ఆ ఆటోలో తలచుకుంటూ డాక్టరు దగ్గరికి చేరాం. ఆవిడ పాపను బల్ల మీద పడుకోబెట్టి, స్టెతస్కోపు చెవులకు పెట్టుకోకముందే అడిగింది. "శబ్దం ఎప్పుడొస్తుంది?"

అది మామ ప్రశ్న. నేను చెప్పాను. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడే వస్తుంది, వదిలేటప్పుడు రాదు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, నిటారుగా ఎత్తుకుంటే తక్కువ. ఏడిస్తే పెరుగుతుంది. పాలు మధ్యలో ఆపదు, పెదాలు నీలం పడవు. ఇవన్నీ నాకు తెలుసని అప్పటిదాకా నాకే తెలియదు. నెలల తరబడి భయపడుతున్నాను అనుకున్నాను, వింటూ కూడా ఉన్నానన్నమాట. డాక్టరు తలెత్తి, "మీరు నర్సా?" అంది. కాదండీ అన్నాను. ఆవిడ చాలాసేపు పరీక్షించింది. గొంతులోని మృదులాస్థి ఇంకా లేతగా ఉందని, పెరిగేకొద్దీ గట్టిపడి చప్పుడు తగ్గుతుందని, బరువు బాగానే పెరుగుతోంది కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది ఏమీ లేదని చెప్పింది. నీలం పడినా, పాలు తాగలేకపోయినా ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మంది. "అంతవరకు ఈ చప్పుడును ఉండనివ్వండి" అంది.

తిరిగి వస్తూ ఇంటికి పోకుండా మాస్టారి వీధిలో దిగాను. కారు గేటులోపల గుడ్డ కప్పుకుని ఉంది. మాస్టారు వాకిట్లో పేపరు చదువుకుంటున్నారు. కుర్చీ జరిపి కూర్చోమన్నారు. నేను నిలబడే చెప్పాను. "మాస్టారూ, ఆ రోజు రింగులు కలిపేసింది మామ కాదు. నేను."

ఆయన పేపరు మడిచారు. "బిస్కెట్ల డబ్బాలో కాగితం ముక్కల మీద కొలతలు రాసి ఉన్నాయమ్మా. ఎల్లయ్యకు రాయడం రాదని నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు."

"మరి మీరేం అనలేదు?"

"ఆయన నిన్ను చాటున పెట్టుకున్నాడు. అది నాకు కనబడింది. ఇంక నేను మాట్లాడితే ఏం బాగుంటుంది?" మడిచిన పేపరు ఒళ్లో పెట్టుకుని, "నువ్వొచ్చి చెబుతావని మాత్రం ఆయనకు నమ్మకం. ఎప్పుడో ఒకనాడు వస్తది సార్ అనేవాడు" అన్నారు.

ఆ మాటకు నేను కూర్చున్నాను. పాప ఊపిరి నా భుజం మీద సన్నగా లాగుతోంది. నాకు కావలసిన చెవి ఈ వాకిట్లో లేదు. మాస్టారు క్షమించడం వేరు. మామ స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటికి తోసుకుని, ఇప్పుడు జెప్పినవా అని నవ్వడం వేరు. అది ఇక రాదు. ఆ నవ్వు కోసం నాకు ఎంత ఆశగా ఉందో ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

కాన్పయినప్పటి నుంచి నాకు జుట్టు విపరీతంగా ఊడుతోంది. ఆ వెంట్రుకలు పాప వేళ్లకు చుట్టుకుంటాయేమోనని రోజూ పడుకోబెట్టే ముందు దాని కాలివేళ్లూ చేతివేళ్లూ ఒక్కొక్కటీ విడదీసి చూస్తాను. మొన్నటిదాకా మూడుసార్లు చూసేదాన్ని. ఈ వారం నుంచి ఒక్కసారే చూస్తున్నాను. ఇందాక దుప్పటి మీద రెండు వెంట్రుకలు దొరికాయి. పారేయబోయి ఆగాను. పక్కపక్కన పెట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూశాను. గంత. పాప వెల్లకిలా పడుకుని ఉంది, లోపలికి తీసుకునే ప్రతి ఊపిరికీ ఆ సన్నటి రాగం వస్తోంది. రోజూ దాని ఛాతీ మీద పెట్టుకుని కూర్చునే నా చెయ్యిని కొద్దిగా పైకెత్తి ఉంచాను. చెయ్యికి దాని వెచ్చదనం ఇంకా తగులుతూనే ఉంది.